సాయంత్రానికి దిగే రేటు

తాయారమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ ముఖం వంక కాసేపు చూసి, "నిద్ర పడుతోందా నీకు?" అంటారు. పడుతోందంటే శ్లోకం చదివి అర్థం చెబుతారు. పట్టడం లేదంటే పుస్తకం మూసేస్తారు. ఆ తర్వాత వచ్చేది ఎవరో ఒక మనిషి కథ.

విశాఖపట్నంలో లాసన్స్ బే కాలనీకి దగ్గరగా ఉన్న ఆవిడ ఇంటి మేడమీద ఆదివారం ఉదయాలు గీత చెప్పించుకుంటాం. వచ్చేవాళ్ళం అందరం నడివయసు దాటినవాళ్ళమే. ఆ వారం ప్రశ్న వేసింది త్రివిక్రమరావు. పళ్ళ డాక్టరు. ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. కార్తీకమంతా చన్నీళ్ళ స్నానం. శనివారాలు బీదవాళ్ళకు ఉచితంగా వైద్యం చేస్తాడు. అంత చేసే మనిషి ఆ రోజు పీట మీద సరిగ్గా కూర్చోలేకపోయాడు.

"అమ్మా, చేయగలిగిందంతా చేస్తున్నాను. పుణ్యం పోగవుతోందన్న ధైర్యం రావాలి కదా? రాను రాను భయమే ఎక్కువవుతోంది. ఒక్క ఏకాదశి తప్పితే ఉన్నదంతా ఎగిరిపోతుందేమో అనిపిస్తోంది. ఎంత అయితే చాలు? ఎప్పటికి అక్కరకొస్తుంది?"

"నిద్ర పడుతోందా నాయనా?"

"లేదమ్మా."

ఆవిడ పుస్తకం మూసి కళ్ళజోడు దాని మీద పెట్టారు. తర్వాత మాకు చెప్పింది ఇది.

ఆ మేడ కింద వాటాలో ఇదివరకు జోగారావు అని ఒకాయన అద్దెకుండేవాడు. ఓడరేవుల్లో క్రేన్లు చెడిపోతే బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. ఇవాళ కొచ్చి, ఎల్లుండి ముంబై, ఆ పైవారం మంగుళూరు. ఇంట్లో కన్నా విమానంలో ఎక్కువ భోంచేశాడని అతని భార్య హైమవతి నవ్వేది. చాలాకాలం ఏ విమానం ముందు దొరికితే అది ఎక్కాడు. ఒకసారి ఎయిర్‌పోర్టులో అతని పక్కన కూర్చున్న గ్రేస్ మేడం, అదే కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసే ఆవిడ, అతని టికెట్టు చూసి జాలిపడింది.

"ఇన్నేళ్ళుగా తిరుగుతున్నావు. తిరిగిందంతా గాలికి వదిలేస్తున్నావా జోగారావ్?"

ఎలా కూడబెట్టాలని అతను అడిగితే ఆవిడే నేర్పింది. ఎప్పుడూ ఒకే కంపెనీ విమానం ఎక్కాలి. ఎక్కిన ప్రతిసారీ సభ్యత్వం నంబరు చెప్పాలి. అప్పుడు తిరిగిన దూరానికి మైళ్ళు మన ఖాతాలో పడతాయి. కొన్ని బ్యాంకు కార్డులు పెట్రోలుకీ బియ్యానికీ కూడా పాయింట్లిస్తాయి. వాటిని మంచి అదను చూసి మైళ్ళుగా మార్చుకోవాలి. ఖాతాలో కదలిక లేకపోతే మైళ్ళు చచ్చిపోతాయి గనక అప్పుడప్పుడూ కాస్త కదిలిస్తూ ఉండాలి. కావలసినన్ని కూడాక వాటితోనే టికెట్టు కొనుక్కోవచ్చు.

జోగారావు తెలివైనవాడు. గురువుని మించిపోయాడు. పెట్రోలు కోసం ఊరు దాటి వెళ్ళి, కార్డుకి రెట్టింపు పాయింట్లు వచ్చే బంకులోనే కొట్టించేవాడు. బంధువులు ఫ్రిజ్జు కొంటున్నారని తెలిస్తే తన కార్డు పట్టుకుని షాపుకి వెళ్ళేవాడు, వాళ్ళ దగ్గర నోట్లు తీసుకునేవాడు. నేరుగా వెళ్ళే విమానం ఉండగా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. అన్నిటికన్నా బాగా ఒంటబట్టిన విద్య ఒకటుంది, ఆగడం. ఒకే సీటుకి పొద్దున్న ఒక రేటు, సాయంత్రం ఇంకో రేటు. తొందరపడినవాడు ముగ్గురికి సరిపోయే మైళ్ళు ఒక్కడి టికెట్టుకే పోస్తాడు. కాచుకున్నవాడు గెలుస్తాడు. అలా కాచుకుని అతను గెలిచిన సందర్భాలున్నాయి, వాటిని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు.

ఇదంతా తన కోసం కాదు. హైమవతిది పోర్ట్ బ్లెయిర్. వాళ్ళ తాతలు శ్రీకాకుళం నుంచి దీవులకు వెళ్ళి స్థిరపడ్డారు. పెళ్ళయి ఓడలో వస్తూ దారి పొడుగునా వాంతులు చేసుకుంది. ఒడ్డు చేరేసరికి నిలబడలేకపోయింది. ఆమెను చెయ్యి పట్టుకుని దింపుతూ జోగారావు మాటిచ్చాడు, "నిన్ను మళ్ళీ మీ ఊరు తీసుకెళ్తే విమానంలో ముందు వరుసలో కూర్చోబెట్టే తీసుకెళ్తాను" అని. ఆ మాటకు కట్టుబడే పోగుచేశాడు. ఆమె ఎప్పుడు అడిగినా, "ఈ సీజను వద్దు హైమా, రేటు మండిపోతోంది" అనేవాడు. ఆమె కూడా సరేననేది. మధ్యలో చెల్లెలు సుగుణ పెళ్ళికి ఓడలోనే వెళ్ళొచ్చింది.

ఒక మే నెలలో, శనివారం పొద్దున్న, సుగుణ ఫోను చేసింది. అప్పుడామెకు ఏడో నెల. రక్తపోటు బాగా పెరిగిందనీ, ఆసుపత్రిలో చేర్చుకున్నారనీ, కళ్ళముందు మెరుపుల్లా వస్తున్నాయనీ చెప్పింది. భర్త దీవుల మధ్య తిరిగే పడవల మీద ఉద్యోగి. గాలివాన వల్ల నికోబార్ వైపు చిక్కుకుపోయాడు. తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారు.

"డాక్టరమ్మ ఒకరోజు చూద్దామంటోంది అక్కా. నువ్వు రాగలవా?" అంది సుగుణ. ఏడవలేదు. ఆ ఏడవకపోవడం చూసే హైమవతి సంచీ సర్దడం మొదలుపెట్టింది.

వేసవి సెలవులు. డబ్బుకి దొరికే సీట్లన్నీ ఎప్పుడో నిండిపోయాయి. మైళ్ళవాళ్ళ కోసం విడిగా ఉంచిన సీటు ఒక్కటి మాత్రం, మర్నాడు పొద్దున్న చెన్నై మీదుగా వెళ్ళేది, జోగారావు ఫోనులో కనిపించింది. వెనక వరుసలో, బాత్రూం పక్కన. దానికి అడుగుతున్న మైళ్ళు చూసి అతను మళ్ళీ లెక్కపెట్టాడు. ఇన్నేళ్ళ కూడికలో దాదాపు అంతా. ఇద్దరూ ముందు వరుసలో కూర్చుని వెళ్ళి రావడానికి అతను దాచినదంతా ఆ ఒక్క సీటుకి!

హైమవతి పేరు కొట్టాడు. వయసు కొట్టాడు. ఆఖరి బటను దగ్గర బొటనవేలు ఆగిపోయింది.

"చేశారా?" అంది హైమవతి, సంచీలో చీరలు కుక్కుతూ.

"చేస్తున్నా." వేలు దిగలేదు. ఒక్కసారి నొక్కితే అంతే, ఖాతా ఖాళీ. రేపు ఇంతకన్నా పెద్ద అవసరం వస్తే? ఇంత చెడ్డ రేటుకి ఎవడైనా ఇస్తాడా? శనివారం పొద్దున్న రేట్లు పైకెళ్ళి సాయంత్రానికి దిగడం అతను ఎన్నోసార్లు చూశాడు. డాక్టరమ్మ కూడా ఒకరోజు చూద్దామంది కదా.

"హైమా, సాయంత్రం దాకా ఆగుదాం. సగానికి దిగుతుంది. నాకు తెలుసు."

ఆమె చీర మడతపెట్టడం ఆపింది. "ఏవండీ, దాని పక్కన ఎవరూ లేరు."

"ఆగుదామన్నాను గానీ వద్దన్నానా? సీటెక్కడికీ పోదు."

ఆమె సంచీ జిప్పు లాగి, చెప్పులు వేసుకుని, తాయారమ్మగారి మేడమెట్ల మీదికొచ్చి కూర్చుంది. ఆవిడ కిందకు దిగొచ్చి పక్కన కూర్చుని, సంగతి అడిగి తెలుసుకున్నారు. కాఫీ ఇస్తే ముట్టలేదు. మాట్లాడిస్తే ఒకటే మాట, "సాయంత్రానికి దిగుతుందటండి పిన్నిగారూ."

లోపల జోగారావు ఫోను వదల్లేదు. స్క్రీను మీద వేలితో కిందికి లాగి వదలడం, గిర్రున తిరిగేది ఆగేదాకా ఊపిరి బిగపట్టడం, అదే అంకె మళ్ళీ కనబడగానే నీళ్ళు తాగడం. అన్నం తినలేదు. మధ్యాహ్నం ఒకసారి రేటు కొంచెం దిగింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. "చూశావా!" అని మెట్లవైపు కేకేశాడు. హైమవతి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అయితే తీసేసుకోండి."

"దిగడం మొదలెట్టింది కదా. ఇంకాస్త."

ఆమె గుమ్మంలోనే ఉండగా అతను మళ్ళీ స్క్రీను లాగాడు. గిర్రున తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది. సీటు లేదు.

ఇంకోసారి లాగాడు. తారీఖు మార్చాడు, దారి మార్చాడు, ఫోను ఆపి మళ్ళీ వేశాడు. ఆ వారమంతా ఎక్కడా ఒక్క సీటు లేదు. ఎవరో ఎక్కడో ఆ రేటుకే, ఏమీ ఆలోచించకుండా, నొక్కేశారు.

హైమవతి గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. అతను గ్రేస్ మేడంకి ఫోను చేశాడు. ఆవిడ ఏమీ అడగలేదు. పేషెంటు పేరు కూడా అడగలేదు. "హైమవతి ఆధార్‌లో పేరెలా ఉందో అలా పంపు" అంది. ఆవిడ మైళ్ళు వేరే విమాన కంపెనీవి. కాసేపటికి కలకత్తా మీదుగా టికెట్టు వచ్చింది. కాకపోతే చెన్నై విమానం ఆదివారం మధ్యాహ్నంలోపే చేర్చేది. ఇది కలకత్తాలో ఒక రాత్రి ఆపి సోమవారానికి చేర్చేది.

ఆదివారం మధ్యాహ్నం, హైమవతి కలకత్తాకు ఎగిరే వేళకి, సుగుణకు ఫిట్స్ వచ్చాయి. వెంటనే ఆపరేషన్ చేసి పాపని తీశారు. సుగుణ బతికింది. పాప ఆ రాత్రి దాటలేదు. హైమవతి ఆసుపత్రి చేరేసరికి వార్డులో సుగుణ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పాప ఎలా ఉండేదో ఎవరినడిగినా చెప్పలేకపోయారు. కాసేపు ఎత్తుకున్న నర్సు డ్యూటీ దిగి వెళ్ళిపోయింది. సుగుణ తర్వాత అక్కతో ఒక్క మాటే అంది, "సంతకం నాచేతే పెట్టించారు అక్కా. చదవడానికి కళ్ళు కనపడలేదు."

హైమవతి ముందురోజు వెళ్ళినా పాప బతికేదని ఎవరూ అనరు. డాక్టరమ్మ కూడా అనలేదు. కానీ ఆ మాట జోగారావుకి ఊరట కాలేదు.

సోమవారం అతను గ్రేస్ మేడం గదికి వెళ్ళాడు. నిలబడే మాట్లాడాడు.

"మేడం, మీరు చాలా నష్టపోయారు. ఆ రేటుకి ఎవరూ తీసుకోరు. మీ మైళ్ళు ఎలాగోలా తిరిగిచ్చేస్తాను."

"నేను ఎప్పుడూ ఆ రేటుకే వాడాను జోగారావ్," అంది ఆవిడ. "మా తమ్ముడు పోయినప్పుడు, మా డ్రైవరు కూతురికి ఢిల్లీలో ఇంటర్వ్యూ వచ్చినప్పుడు. అక్కర వచ్చేది రేటు బాగా ఉన్నప్పుడు కాదు కదా."

"మరి నాకు ఈ సంగతి చెప్పలేదేం?"

"నువ్వు ఎలా కూడబెట్టాలో అడిగావు. వాడడం అడగలేదు."

హైమవతి నెల దాటాక తిరిగొచ్చింది. భర్తని ఒక్క మాట అనలేదు. ఆ సంగతి ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళేది. ఎప్పటిలాగే వండింది, వడ్డించింది, ఊళ్ళు తిరిగి వస్తే సూట్‌కేసులో బట్టలు తీసి ఉతికింది. మరుసటి ఏడు అతనే అడిగాడు. ఏ రేటైనా సరే, ఎప్పుడంటే అప్పుడు, ముందు వరుసలో వెళ్దాం హైమా అన్నాడు.

"ఓడకి తీసుకున్నానండీ టికెట్టు," అంది హైమవతి. "వాంతులు అలవాటే లెండి. మీరు శ్రమపడకండి."

ఓడలో వెళ్ళింది. ఆ పై ఏడూ ఓడలోనే. రేవు దాకా సంచీ మోసుకొచ్చి జోగారావు ఒడ్డున నిలబడేవాడు. మెట్లెక్కి పైకి వెళ్ళాక ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపేది, పక్కింటివాళ్ళకి ఊపినట్టు. తర్వాత వాళ్ళు వేరే వాటాకి మారిపోయారు.

తాయారమ్మగారు పుస్తకం మీది కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. దూరంగా సముద్రం చప్పుడు వినిపిస్తోంది. త్రివిక్రమరావు రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుని కూర్చున్నాడు. అలాగే అడిగాడు.

"అమ్మా, మరి అతని మైళ్ళు ఏమయ్యాయి?"

"ఉన్నాయి నాయనా," అన్నారావిడ. "ఒక్కటీ తగ్గలేదు."