పెట్టుడు పిడి

మేస్త్రి పెద్దకూతురు ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. చిన్నది చాకుకి చేసిన గుడ్డ పిడి ఆమెకి నచ్చింది. మామూలుగా నచ్చడం కాదు, కడుపులో కుంపటి పెట్టినంత నచ్చింది.

ఉప్పుటేటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో మేస్త్రి మడత చాకులు చేసేవాడు. ఇనుము కాల్చి, సాగగొట్టి, చాకుకి కోసే భాగమైన అలుగు తీయడం ఆయన పని. ఆ అలుగుకి గేదెకొమ్ముతో పిడి వేయడం పెద్దదాని పని. పిడి వేశాక చాకుని చెవి దగ్గర పెట్టుకుని మడిచి చూసేది. టక్కుమన్న చప్పుడు మనసుకి సరిపోతేనే దాన్ని బల్ల మీద పెట్టేది.

కొమ్ము ఓ పట్టాన లొంగదు. నిప్పుల మీద కాచి, మెత్తబడగానే రెండు చెక్కల మధ్య బిగించి సాపు చెయ్యాలి. గాజుపెంకుతో గీకి, ఇటికపొడితో తోమి, కొబ్బరినూనె పట్టించాలి. అప్పుడు లోపల దాక్కున్న నల్లమబ్బులూ, తేనెరంగు చారలూ బయటికొస్తాయి. ఒక కొమ్ములో ఉన్న మబ్బు ఇంకో కొమ్ములో ఉండదు. పెద్దది వాటిని చూసుకుని మురిసిపోయేది, ఆ మబ్బులు తనే వేసినట్టు.

ఆ ఇంటికొక ముద్ర ఉంది. వేలంత ఉక్కు కడ్డీ, దాని కొన మీద చెక్కిన చేప. అలుగు ఎర్రగా కాలి ఉన్నప్పుడు దాని మొదట్లో, పిడి వచ్చే చోటికి దగ్గరగా పెట్టి ఒక్క దెబ్బ వేస్తే చేప పడేది. చేప ఉన్న చాకంటే మేస్త్రి చాకని ఏటికి ఈ దరీ ఆ దరీ తెలుసు. ఏదో ఒకనాటికి ఆ ముద్ర తన చేతికే వస్తుందని పెద్దది అనుకుంటూ పెరిగింది.

మేస్త్రికి తెరచాపలు కుట్టే స్నేహితుడు ఒకడుండేవాడు. అతను పోతే, అతని పిల్లని మేస్త్రి ఇంటికి తెచ్చుకున్నాడు. పిల్లతో వచ్చిన ఆస్తల్లా ఒక తెరచాప గుడ్డల మూట. ఇది నీ చెల్లెలు అని పెద్దదానికి చెప్పాడు. పెద్దది తలూపింది. పక్కన చాప పరిచింది, కంచం పెట్టింది, జడ వేసింది. చెల్లీ అని మాత్రం ఎన్నడూ పిలవలేదు. ఏమే, ఒసే, ఇలా రా, వీటితోనే ఏళ్ళు గడిచిపోయాయి.

తరవాత్తరవాత ఏటి అవతల ఫైబర్ పడవలు చేసే షెడ్డు వచ్చింది. తెరచాపల పని పడిపోయింది. చిన్నది ఆ షెడ్డుకి వెళ్ళి, డబ్బాల అడుగున మిగిలిన రెజిన్ జిగురు అడిగి తెచ్చుకునేది. తండ్రి వదిలిన గుడ్డని పిడంత ముక్కలుగా కోసి, ముక్క మీద ముక్క పేర్చి, ప్రతి ముక్కకీ ఆ రెజిన్ తాపి, మొత్తాన్ని బిగించి వదిలేసేది. ఎండాక చూస్తే గుడ్డ కాదు, రాయి. దాన్ని అరగదీస్తే పొరలు పైకి తేలేవి, నీళ్ళు వెనక్కి తీశాక ఒడ్డున ఇసకలో మిగిలే గీతల్లాగా.

మొదటి పిడిని పెద్దది చేతిలోకి తీసుకుంది. వేళ్ళు దాన్ని వదల్లేదు. కొమ్ములా చల్లగా లేదు. కొమ్ములా నునుపుగా జారనూ లేదు. తడిచేత్తో పట్టుకుంటే ఇంకాస్త దగ్గరికొచ్చి పట్టుకున్నట్టుంది. ఇంత మంచి పట్టు తన పిడులకి లేదని ఆమెకి ఆ క్షణమే తెలిసిపోయింది. తెలిసింది గనకే బల్ల మీద పడేసింది.

పెట్టుడు పిడి, అంది. పళ్ళూడినవాళ్ళకి పెట్టుడు పళ్ళు, జుట్టు లేనివాళ్ళకి సవరం, కొమ్ముకి నోచుకోని చాకుకి ఇదీ, అని వివరంగా చెప్పింది కూడా.

చిన్నది పడీ పడీ నవ్వింది. పేరు భలే కుదిరిందక్కా అంది. పెద్దదానికి అరికాలి మంట నెత్తికెక్కింది. దెప్పిన మాటకి అవతలివాళ్ళు నవ్వేస్తే, ఆ మాటని ఇక ఎక్కడ దాచుకోవాలి.

ఆ మాట బజారుకెక్కింది. పడవలవాళ్ళు వచ్చి, కొమ్ముది వద్దు, ఆ పెట్టుడుది ఇవ్వమని అడగడం మొదలెట్టారు. మా మామకి పెట్టుడు పళ్ళు, నాకు పెట్టుడు పిడి, మా ఇంట్లో ఊడిపోయేది నా ఉద్యోగమొక్కటే అన్నాడొకడు. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. తండ్రి నవ్వడాన్ని పెద్దది చూసింది. ఇంకొకటి కూడా చూసింది. నాన్న కొమ్ము పిడిని చూస్తాడు, గుడ్డ పిడిని పట్టుకుంటాడు. మెచ్చుకోడానికి ఒకటి, పని చేసుకోడానికి ఇంకొకటి.

అందుకే ముద్ర దగ్గర అడ్డం పడింది. ప్రాణమున్నదాని ఒంటి మీంచి వచ్చిన పిడి ఉన్న చాకుకే ఇంటి చేప పడాలంది. అలా కాదంటే నిప్పుల దగ్గరికి తను రానంది. మేస్త్రి గొడవ పడే మనిషి కాదు. చిన్నదాని కోసం తీసిన అలుగుల మీద చేప వేయడం మానేశాడు. చిన్నది ఆ ఖాళీ అలుగులకే పిడులు వేసుకుంటూ పోయింది.

ముసురు పట్టింది. కొమ్ము చాకులు ఒక్కొక్కటీ ఇంటికి తిరిగి రాసాగాయి. తేమకి కొమ్ము ఉబ్బి అలుగు రాసుకుంటోందని ఒకటి, సీల వదులైందని ఇంకొకటి, పిడిని పురుగు తొలిచిందని మరొకటి. పెద్దది వీధికి వీపు పెట్టి కూర్చుని వాటిని బాగుచేసేది. గుడ్డ పిడి ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. వస్తుందేమోనని ఆమె రోజూ గుమ్మం వైపు చూసేది. రావాలని మొక్కుకుందేమో కూడా, ఎవరికి తెలుసు.

ఒకనాడు అన్నాల దగ్గర మేస్త్రి మెల్లగా కదిపాడు. ఏట్లో బతికేవాళ్ళకి ఏట్లో నిలిచే పిడి కావాలన్నాడు. రేపట్నించి అన్ని అలుగుల మీదా చేప పడుతుందన్నాడు. పెద్దదాని చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

"పిడి పెట్టుడైతే పోనీలే నాన్నా," అంది. "చేసిన మనిషి కూడా ఈ ఇంటికి పెట్టుడే కదా."

చిన్నది కంచంలో ఉన్న అన్నం ఆఖరి మెతుకు దాకా తింది. లేచి కంచం కడిగి బోర్లించింది.

"నిజమేగా అక్కా," అంది. గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఇంట్లో చాలాసేపు ఉండిపోయింది.

మర్నాడు చిన్నది ఏరు దాటి పడవల షెడ్డులో పనికి కుదిరింది. అక్కడి ఆడవాళ్ళతోనే ఉండిపోయింది. మేస్త్రి పెద్దదాన్ని పల్లెత్తు మాట అనలేదు. పెట్టెలోంచి ముద్ర తీసి ఆమె అరచేతిలో పెట్టాడు, నిప్పుల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో సుత్తి ఒక్కటే మాట్లాడేది.

పెద్దది కోరుకున్నవన్నీ చేతికొచ్చాయి. బల్ల ఆమెది, చేప ఆమెది, తండ్రి పక్కన పీట ఆమెది. మనిషి పోతే అసూయ కూడా దాని వెంటే పోతుందనుకుంది. అది పోలేదు. బల్లకి ఆ పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఇప్పుడు పడవల మీద అసూయ. ఆ చేతులు ఇప్పుడు వాటిని తడుముతున్నాయి కదా. షెడ్డులో ఆడవాళ్ళ మీద అసూయ. ఆ నవ్వు ఇప్పుడు వాళ్ళు వింటున్నారు. ఏటి మీంచి గాలి ఇటు తిరిగితే రెజిన్ వాసన వచ్చేది. పెద్దది తలుపు వేసేసేది. వేసిన తలుపు దగ్గరే నిలబడేది.

అలా ఉండగా, వలలు అల్లే మామ్మ ఒకావిడ వచ్చింది. కొంగుముడి విప్పి చాకు బల్ల మీద పెట్టింది. గుడ్డ పిడి. చేపల జిడ్డు తాగి తాగి ముదిరిన తాటిబెల్లం రంగుకి వచ్చింది. పట్టుకునే చోట మామ్మ బొటనవేలంత గుంట పడింది.

పిడి పాడైందా మామ్మా అని పెద్దది ఆశగా అడిగింది.

"పిడికేం రోగమే. పోయినవి నా వేళ్ళు. సానపట్టివ్వు చాలు," అంది మామ్మ. చుట్టూ చూసింది. "నీ చెల్లెలేదీ?"

పడవల దగ్గరుందని పెద్దది చెప్పింది. చాకులు చేసే పిల్లకి పడవల దగ్గరేం పనని మామ్మ అడిగింది. పెద్దది సానరాయి మీద నీళ్ళు చల్లుకుంది. మామ్మ చేపల రేవు దాకా వెళ్ళొస్తానని లేచింది.

పదును పెట్టిన చాకుని పెద్దది తన కొమ్ము చాకు పక్కన పెట్టింది. రెండూ సగం తెరుచుకుని ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"నువ్వు ఎవరి ఒంటి మీద పెరిగావు?" అని కొమ్ము పిడి అడిగింది.

"ఎవరి ఒంటి మీదా కాదు," అంది గుడ్డ పిడి. "నువ్వో?"

"నేను గేదె తల మీద పుట్టాను."

"మరి ఆ గేదె ఏది?"

అప్పటిదాకా ఊరుకున్న మామ్మ చాకు అలుగు అందుకుంది.

"పుట్టుక గురించి నా ముందు పోట్లాడుకోకండి," అంది. "నాకు పిడి పుట్టలేదు. నేను మంటలోంచి ఒంటిగా వచ్చాను. మీరిద్దరూ ఒకరు పెడితే వచ్చినవాళ్ళే."

ఆ మాటలు పెద్దది విన్నది. తన అరచేతిలోకి చూసుకుంది. కొమ్ము కాచి కాచి బొబ్బలెక్కిన చెయ్యి. అన్నేళ్ళూ ఆ చేత్తో తను చేసింది, గేదె తల మీది కొమ్ముని తెచ్చి చాకుకి పెట్టడం. పెట్టుడు పని. తన పనికున్న పేరునే తీసి ఇంకొకరి మీద విసిరింది.

చటుక్కున లేచింది. పెట్టెలోంచి ముద్ర తీసింది. మామ్మ చాకు అలుగు మొదట్లో ఖాళీగా ఉన్న చోట దాన్ని నిలబెట్టి, సుత్తెత్తి ఒక్కటి వేసింది.

ముద్ర ఎర్రటి ఇనుము మీదే పడుతుంది. నూనెలో ముంచి గట్టిపరిచిన అలుగు దేన్నీ ఒప్పుకోదు. ఆ ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళకి మొదట నేర్పేదే అది. చిన్నదానికి ఆ పాఠం చెప్పింది తనే. తెలియక కొట్టలేదు, ఆగలేక కొట్టింది. టింగుమని శబ్దం వచ్చింది. చేప తోక విరిగి ఎగిరి బూడిదలో పడింది. అలుగు మీద గీత కూడా పడలేదు.

మేస్త్రి వచ్చి చూశాడు. వంగి బూడిదలో వెతికి తోకముక్క తీశాడు. ఊది, అరచేతిలో పెట్టుకున్నాడు.

"చల్లారిన అలుగు మీద కొట్టావా?"

"దానికి చేప లేదు నాన్నా."

మేస్త్రి ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. అన్నాళ్ళ తరవాత చూడటం అదే మొదలు. విరిగిన చేప ఇక అతకదన్నాడు. కొత్త ముద్ర చెక్కించాలన్నాడు.

"ఏం బొమ్మ వేయించమంటావు?"

చేప అనబోయి మానుకుంది.

"నేనొక్కదాన్నే ఎలా చెప్తాను," అంది.

మేస్త్రి నిప్పుల దగ్గరికి వెళ్ళాడు. ఆమె గోడగూట్లో ఉన్న ఫోన్ వైపు చూసింది. అవతల షెడ్డులో మిషన్లు నడుస్తున్నాయి. ఆ రొదలో మామూలుగా మాట్లాడితే వినపడదు. అవి ఆగేది అన్నాల వేళకి. అప్పటిదాకా ఆగితే తనలో ఏం చల్లారిపోతుందో ఆమెకి తెలుసు. ఇప్పుడే ఫోన్ చెయ్యాలి, చెల్లీ అని గొంతెత్తి అరవాల్సి వస్తుంది, బజారంతా వింటుంది. విననీ, అనుకుంది.