అంకెలు తిరగేసిన మంత్రి

అనగనగా ఓ రాజ్యం. దానికో రాజు, గుమ్మడిరాజు. ఆయన ఒంటికి ఎలా ఉంటే రాజ్యమంతా అలాగే ఉన్నట్టు. అదీ చట్టం. ఊ కొట్టండర్రా, కొడితేనే కథ నడుస్తుంది.

రోళ్ళు పగిలే రోహిణి కార్తె. తడిపిన వట్టివేళ్ళ తడికల మధ్య కూర్చున్న రాజుగారు తుమ్మి, చలికాలం వచ్చేసిందన్నారు. రాజు తుమ్మాడని మంత్రి తుమ్మాడు, మంత్రి తుమ్మాడని సేనాపతి తుమ్మాడు, సేనాపతి తుమ్మాడని దండోరావాడు తుమ్మి మరీ చాటాడు, అందరూ కంబళ్ళు కప్పుకోవాలని. పొలాల్లో జనం సొమ్మసిల్లి పడిపోతుంటే, చలికి ఎలా కొయ్యబారిపోయారో చూడండి అన్నాడట మంత్రి. చదువుకున్నవాడేలే.

అంతలో రాజుగారి మనవడికి జ్వరం. పసివాడి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. రాజుగారు వేణ్ణీళ్ళ స్నానం చేసొచ్చి, ఆ వేడి చేత్తోనే వాడి నుదురు తాకి, మంచులా ఉన్నాడు, ఇంకా కంబళ్ళు కప్పమన్నారు. కోడలు నాంచారి వద్దు మొర్రో అన్నా వినలేదు. బిడ్డ కళ్ళు తేలేస్తున్నాడు.

ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. మూడు గిన్నెలు తెచ్చింది. ఒకదాంట్లో వేణ్ణీళ్ళు, ఒకదాంట్లో చన్నీళ్ళు, మధ్యదాంట్లో గోరువెచ్చనివి. మామగారి కుడిచెయ్యి వేడిదాంట్లో, ఎడమచెయ్యి చల్లదాంట్లో కాసేపు పెట్టించి, తర్వాత రెండూ మధ్య గిన్నెలో ముంచమంది. కుడిచెయ్యి చల్లన అంది, ఎడమచెయ్యి వేడి అంది. నీళ్ళు మాత్రం అవే. రాజుగారు చేతులు తీసి మళ్ళీ ముంచి చూసుకున్నారు.

"మీ రెండు చేతులకే మాట కుదరలేదు మామగారూ. నా బిడ్డని ఏ చేతికి వదలమంటారు?" అంది.

ఆయన పక్కకి జరిగి దారిచ్చారు. ఆవిడ కంబళ్ళు లాగేసి, తడిగుడ్డతో బిడ్డ ఒళ్ళంతా తుడిచింది. పొద్దువాలేసరికి వాడు పాలకోసం ఏడ్చాడు. ఆ పూటే కంబళ్ళ చట్టమూ పోయింది.

ఆ తర్వాత నాంచారి సన్నటి గాజుగొట్టంలో పాదరసం పోయించి మూతి మూయించింది. వేడి తగిలితే పాదరసం పైకి పాకుతుంది, చల్లబడితే కిందికి జారుతుంది. కరిగే మంచులో పెట్టి, అది ఆగినచోట సున్నా గీసింది. మరిగే నీళ్ళలో ఆగినచోట నూరు. మధ్యలో సమానంగా గీతలే గీతలు. ఇక ఎవరి చంకలో పెట్టినా అది ఉన్నమాటే చెబుతుంది.

మంత్రికి అది గిట్టలేదు. ఎండాకాలం అంకె పెరిగితే ఏలుబడికే మచ్చట. అంకెలు తిరగేయించాడు. మరిగేచోట సున్నా, మంచుకి నూరు. ఎండ ముదిరేకొద్దీ అంకె తగ్గుతుంటే, మా ప్రభువుల చలవ అని చాటింపు వేయించాడు. నవ్వుతారేం, జనం చప్పట్లు కూడా కొట్టారు.

చివరికి రాజుగారికే జ్వరం తగిలింది. మంత్రి గొట్టం చూసి, తగ్గుతోంది ప్రభూ అన్నాడు. కాసేపాగి, ఇంకా తగ్గిందన్నాడు.

"ఇంకాస్త తగ్గితే నేను పోతానురా. కోడల్ని పిలవండి" అని మూలిగారు రాజుగారు.

నాంచారి వచ్చి అంకెలు సరిచేసింది, వైద్యం చేయించింది. రాజుగారు లేచి కూర్చున్నారు, ఊరంతా ఊపిరి పీల్చుకుంది. మంత్రిని నీళ్ళు కాచే పనిలో పెట్టారు. ఎంత పొగిడినా మంట లేందే నీళ్ళు కాగవుగా!

అందుకే నాన్నా, పొగిడేవాడి నోటితో జ్వరం కొలుచుకోకూడదు. కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.