పైడిరాజు ల్యాప్‌టాప్ పెళ్ళిచూపులు

బొబ్బిలిలో తలుపులు చేసే అన్నదమ్ములు ఇద్దరుండేవారు. పెద్దవాడు కూర్మయ్య, చిన్నవాడు పైడిరాజు. కూర్మయ్య భార్య నీలవేణి. తెలివంటే తమదే తెలివని ముగ్గురికీ గట్టి నమ్మకం. "మనకి ఏదీ రెండుసార్లు చెప్పక్కర్లేదు. చెప్పింది చెప్పినట్టు చేసేస్తాం" అని మురిసిపోయేవారు.

పైడిరాజుకి ముప్పై దాటినా పెళ్ళి కుదరలేదు. పాపం, రాత్రుళ్ళు దిండు తడిసేలా ఏడ్చేవాడు. చివరికి రాయగడ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు హైమ, టీచరమ్మ. ముందు వీడియోలో చూసుకుందాం అన్నారు వాళ్ళు. విశాఖలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే బావ ఈశ్వరరావు వెంటనే ఓ ల్యాప్‌టాప్ పంపించి, ఫోన్ చేశాడు.

"ముందు ఛార్జింగ్ ఎక్కనివ్వండర్రా."

అంతే. కూర్మయ్య పరుగున వెళ్ళి నిచ్చెన తెచ్చాడు. ల్యాప్‌టాప్‌ని దాని పక్కన పెట్టి ముగ్గురూ గుడ్లప్పగించి చూశారు. ఎంతకీ ఎక్కదే! "కొత్త చోటు కదా, సిగ్గుపడుతోందేమో" అంది నీలవేణి. ముగ్గురూ అటు తిరిగి నిలబడ్డారు. అయినా ఎక్కలేదు.

"వైరు పెట్టారా?" అన్నాడు బావ మళ్ళీ ఫోన్ చేసి.

"అయ్యో, అది పట్టుకుని ఎక్కుతుందా! ముందే చెప్పొద్దూ బావా!"

ఎలాగో ఛార్జింగ్ ఎక్కింది. "మీ ఇంట్లో సిగ్నల్ పడదు. డాబా మీదైతే పడుతుంది" అన్నాడు బావ.

ఇంకేముంది! ల్యాప్‌టాప్ డాబా మీదికి మోసుకెళ్ళి పక్కనే పరుపు వేశారు. అంత పైనుంచి పడితే దెబ్బ తగలదూ మరి! పరుపు మీదుగా దుప్పటి చెరో కొసా పట్టుకుని అన్నదమ్ములు ఆకాశం చూస్తూ నిలబడ్డారు.

"సిగ్నల్ పడిందా?"

"ఇంకా లేదు బావా. కాకిరెట్ట పడింది."

బావ తల పట్టుకున్నాడు. అదృష్టం బాగుండి సిగ్నల్ దానంతటదే వచ్చింది. "అదిగో, పెళ్ళివారు వచ్చేశారు. బయటే ఉన్నారు, లోపలికి రానివ్వండి!" అన్నాడు హడావిడిగా.

నీలవేణి మెట్లు దిగి వీధి తలుపు తెరిచింది. గుమ్మంలో దోమతెరలు అమ్మే మొగుడూ పెళ్ళాలు నిలబడి ఉన్నారు. "రండి రండి, మీకోసమే చూస్తున్నాం" అని కూర్చోబెట్టి జంతికలు పెట్టింది, కాఫీ ఇచ్చింది. పైడిరాజు అన్నతో పాటు కిందికొచ్చి తల దువ్వుకుని, వంగి వంగి దండం పెట్టాడు. వాళ్ళు బిత్తరపోయి జంతికలు నమిలారు.

"అమ్మాయి ఏదండీ?" అన్నాడు కూర్మయ్య మర్యాదగా.

"అత్తారింట్లో ఉంది బాబూ. ఇద్దరు పిల్లలు."

పైడిరాజు నేల మీద కూలబడిపోయాడు. "పెళ్ళైన పిల్లని మాకు అంటగడతారా!" అని నీలవేణి చీపురు తీసింది. దోమతెరలు వదిలేసి పరుగందుకున్నారు వాళ్ళిద్దరూ.

"ఒరే, తలుపు కాదురా! తెర మీద ఆకుపచ్చ బొత్తాం ఉంది, అది నొక్కండి!" అని బావ ఫోన్‌లో గోల. మళ్ళీ డాబా ఎక్కి నొక్కారు. అసలైన పెళ్ళివారు కనిపించారు. తల్లీ తండ్రీ, మధ్యలో కనకాంబరాలు పెట్టుకున్న హైమ.

అన్నదమ్ములు పోటీపడి మాట్లాడారు గానీ వాళ్ళకి ఒక్క ముక్కా వినబడలేదు. "మీ గొంతు మూసి ఉంది. తెరవండి!" అన్నాడు బావ.

అంతే, ముగ్గురూ నోళ్ళు బార్లా తెరిచారు. తెరిచి అలాగే ఉండిపోయారు. అవతల పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "ఇదేంటమ్మా, పళ్ళు చూపిస్తున్నారు?" అన్నాడు. హైమ ఆపుకోలేక పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "నాన్నా, బడిలో రోజంతా అరిచి ఇంటికొస్తాను. ఇలా నవ్వించే ఇల్లే నాకు కావాలి. ఈ అబ్బాయి నాకు నచ్చాడు" అంది.

పైడిరాజు నోరు మూయడం కూడా మర్చిపోయాడు. ఆనందంతో కన్నీళ్ళు వచ్చేశాయి.

"కుదిరిందిరా!" అన్నాడు బావ. "వాళ్ళు మీ ఇంటి ఫొటోలు చూస్తారట. ఏం లేదు, మీరు స్క్రీన్ పంచుకోండి చాలు. ఇదొక్కటైనా సరిగ్గా చెయ్యండి!"

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు. కూర్మయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "నాన్న పోయినప్పుడు కూడా మనం ఏదీ పంచుకోలేదురా తమ్ముడూ."

"పిల్లనిచ్చేవాళ్ళు అడిగారు, తప్పుతుందా అన్నయ్యా" అన్నాడు పైడిరాజు వెక్కుతూ.

నీలవేణి రంపం తెచ్చింది. "రంపమెందుకే, తలుపుకున్నట్టే దీనికీ మడతబందులున్నాయి" అని కూర్మయ్య స్క్రూడ్రైవర్ తీశాడు. పనివాడు కదా, చిటికెలో ల్యాప్‌టాప్‌ని రెండు ముక్కలుగా ఊడదీశాడు. అవతల పెళ్ళివారు ఏదో అరుస్తుండగానే తెర చీకటైపోయింది.

బావ కంగారుగా ఫోన్ చేశాడు. "ఏమైందిరా? స్క్రీన్ పంచుకున్నారా?"

"పంచుకున్నాం బావా" అన్నాడు పైడిరాజు బావురుమంటూ. "కింది సగం నాకొచ్చింది, పై సగం అన్నయ్యకెళ్ళింది. పెళ్ళికూతురు పై సగంలోనే ఉండిపోయింది! వదిన తలుపేసుకుని ఒకటే ఏడుపు, ఆ పిల్లని తక్షణం బయటికి పంపకపోతే పుట్టింటికి పోతానంటోంది!"