తోక పోయిన గవరయ్య

ఒరే, చూసొచ్చినదాన్ని చేసొచ్చినట్టు చెప్పుకోవడానికి సిగ్గులేదా నీకు? నిన్న బడిలో ఎన్ని కోతలు కోశావో నాకు తెలుసు. నవ్వకు. నీ వయసులో నాకూ ఉండేది ఈ జబ్బు. అందుకే గట్టిగా చెబుతున్నాను. కాళ్ళు ముడుచుకుని కూర్చో, విను.

అనగా అనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక ప్రదర్శనశాల. వెనకటి యుద్ధంలో ఎగిరిన విమానాలను అందులో వరసగా నిలబెట్టారు. తాబేలు తాత దానికి కాపలా. ఒకరోజు బంగారమ్మ అనే బాతు పిల్లల్ని వెంటబెట్టుకుని చూడ్డానికి బయల్దేరింది. దారి చూపిస్తానని గవరయ్య అనే కోడిపుంజు ముందు నడిచాడు. గద్ద కనబడితే అరిచి అందరినీ హెచ్చరించడం అడవిలో అతని పని.

మొదటి విమానం దగ్గర పిల్లలు నోళ్ళు తెరిచాయి. గవరయ్యకు అది చాలు.

"దీన్ని నడిపింది నేనే," అన్నాడు.

రెండో విమానం రెక్క నిండా రేకు మాసికలు.

"చూశారా? తూటాలు పడ్డ చోట్లు. ఒకటి నా తురాయి పక్కనుంచే పోయింది!"

"విమానం పక్కనున్న పలక మీద రాసింది చదువు, గవరయ్యా," అన్నాడు తాబేలు తాత.

"చదువులు మీబోటి వాళ్ళకి తాతా. మేం ఎగిరినవాళ్ళం!"

తాను ఇంతవరకూ ఎగిరిన ఎత్తు గూటి కప్పేనని, అక్కణ్ణుంచి కూడా పేడకుప్పలో పడ్డానని గవరయ్యకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా నోరు ఆగలేదు.

మూడో విమానానికి తోక లేదు. యుద్ధంలో తెగిపోయింది. గవరయ్య దాని కింద రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

"ఇకమీద గద్దొస్తే ఎవరూ పరుగెత్తక్కర్లేదు. నేనున్నాగా!"

"నిజంగానా బాబాయ్?" అంది చిన్న బాతుపిల్ల.

"నిజంగానేరా!"

అందరూ బయటికొచ్చారు. నేలమీద ఒక నీడ కదిలింది. గద్ద!

గవరయ్య అరవబోయాడు. అరిస్తే పరువు పోతుందని నోరు మూసుకున్నాడు. బాతుపిల్లలు కదలకుండా అతని మొహంకేసే చూస్తున్నాయి. గద్ద సూటిగా చిన్నదాని మీదికి దిగుతోంది.

"పరుగెత్తండి! నేను ఒట్టి కోతలరాయుణ్ణి! పరుగెత్తండి!" అంటూ గవరయ్య అడ్డంగా దూకాడు.

పిల్లలు ప్రదర్శనశాల లోపలికి దూరాయి. గద్ద గోళ్ళకు గవరయ్య తోక మొత్తం ఊడొచ్చింది.

"నా బిడ్డ దక్కింది, నీ మేలు మరిచిపోను," అంది బంగారమ్మ. "కానీ నీ అరుపు ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు. కాపలా అరుపు ఇక నీకొద్దు, గవరయ్యా."

ఆ పని కాకికి ఇచ్చారు. తోక మళ్ళీ మొలవలేదు.

ఇప్పుడు గవరయ్య రోజూ ఆ తోకలేని విమానం కిందే కూర్చుంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు, "అన్నా, నీదీ యుద్ధంలోనే పోయిందా?" అని అడుగుతారు.

"దానిది యుద్ధంలో పోయింది. నాది నోటివల్ల పోయింది," అంటాడు.

నీతి: చేయని గొప్పలు చెప్పుకునేవాడు తాను చేయగల పనిని కూడా పోగొట్టుకుంటాడు.