శోభనాద్రి నాలుగు రోజుల చొక్కా

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. ఆ అడవిలో శోభనాద్రి అనే దుప్పి ఉండేవాడు. రోజుకు మూడుసార్లు వాగు నీళ్లలో మొహం చూసుకునేవాడు. వాగుకే విసుగొచ్చింది.

ఒకసారి ఉప్పుమట్టి నాకే చోట కొండ అవతలి ఆడదుప్పి నీలవేణిని దూరం నుంచి చూశాడు. అప్పట్నుంచి మేత సరిగ్గా మేయడం లేదు. ఈ సంగతి అడవంతటికీ తెలుసు. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చివరికి నీలవేణి వాళ్లు పెళ్లిచూపులకు రమ్మని కబురు పంపారు. కొండ దాటడానికి నాలుగు రోజుల నడక. దుప్పుల ఆచారం ప్రకారం పెళ్లికొడుకు ఏ చొక్కాతో బయలుదేరితే ఆ చొక్కాతోనే చేరాలి. అక్కడ ఎవరూ మొహం చూడరు. ముందు పెద్దవాళ్లు, తరవాత పిల్ల, వాసన చూస్తారు. నచ్చితే ముహూర్తం. నచ్చకపోతే మళ్లీ పిలవరు.

శోభనాద్రి మేనమామ చిట్టెయ్యను వెంటబెట్టుకుని చొక్కా కొనడానికి వెళ్లాడు.

ముందు గొర్రె సూరమ్మ కొట్టుకు వెళ్లారు. ఆమె పల్చటి ఉన్ని చొక్కా చూపించింది. రంగు బూడిదలా ఉంది.

"చెమట పట్టినా కంపు పట్టదు నాయనా. నేను తొడుక్కున్నదీ ఇదే రకం. ఇవాళే తొడుక్కున్నాను అనుకుంటున్నావా? తొడిగి పది రోజులైంది. కావాలంటే వాసన చూడు" అంది.

శోభనాద్రి మూతి ముడిచాడు. "ఒకరు తొడిగిన చొక్కా వాసన చూడాలా? మా ఇంటావంటా లేదు."

చిట్టెయ్య వంగి వాసన చూశాడు. వెంటనే ఒకటి కొనుక్కున్నాడు.

తరవాత నక్క గవర్రాజు కొట్టు. అక్కడ పాలిస్టరు చొక్కా నెమలి మెడలా మెరుస్తోంది.

"నలగదు, రంగు వెలిసిపోదు బావగారూ. వాసన అంటారా? మీరే చూడండి" అన్నాడు గవర్రాజు.

శోభనాద్రి చూశాడు. కొత్త చొక్కా. ఏ వాసనా లేదు. అదే కొనేశాడు.

"చూశావా మామా! నువ్వు గొంగడి కప్పుకున్న కాపలావాడిలా ఉన్నావు" అన్నాడు.

"కాపలావాణ్ణి ఎవరూ వాసన చూడరులేరా" అన్నాడు చిట్టెయ్య.

నడకలో మొదటి రోజు ఇద్దరికీ చెమటలు కారాయి. సాయంత్రం ఇద్దరూ చొక్కాలు కొమ్మకు ఆరేశారు. పొద్దుటికి రెండూ ఆరాయి. మామ చొక్కా నిన్నటి ఎండను మరిచిపోయింది. అల్లుడి చొక్కా అంతా గుర్తుపెట్టుకుంది.

రెండో రోజు ఈగలు శోభనాద్రితో కలిసి నడిచాయి. అతను చొక్కాకు మొగలిరేకులు రుద్దాడు. అప్పుడు కంపు, మొగలి వాసన కలిసి కొత్తదొకటి పుట్టింది. దానికి అడవిలో ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు.

మూడో రోజు ఒక పునుగుపిల్లి పొదలోంచి పరుగెత్తుకొచ్చింది. "రండి బాబాయ్! ఎన్నాళ్లకు కనిపించారు! పిన్ని బాగుందా?" అంది. తరవాత కొమ్ములు చూసి, "క్షమించండి, వాసన మావాళ్లదిలా ఉంటేనూ" అని వెళ్లిపోయింది.

"మామా, నీ చొక్కా నాకిస్తావా?" అని శోభనాద్రి మెల్లగా అడిగాడు.

"బయలుదేరిన చొక్కాతోనే చేరాలిరా. మన ఆచారమే" అన్నాడు చిట్టెయ్య. ఆయనకూ బాధగానే ఉంది. కానీ గాలికి ఎదురువైపు జరిగి మరీ బాధపడ్డాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం చేరారు. నీలవేణి నాయనమ్మ రెండు అడుగులు ముందుకు వేసి, నాలుగు అడుగులు వెనక్కి వేసింది. తండ్రి దగ్గు వచ్చిందని పక్కకు వెళ్లాడు. ఇప్పటికీ తిరిగి రాలేదు.

నీలవేణి మాత్రం తనున్న చోటే నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దిగులు వల్లో, మరి దేనివల్లో నేను చెప్పలేను.

"నేను మంచివాణ్ణి" అన్నాడు శోభనాద్రి.

"అయి ఉంటావు" అంది నీలవేణి. "కానీ అది తెలియాలంటే దగ్గరికి రావాలి కదా."

ముహూర్తం పెట్టలేదు. చిట్టెయ్యను లోపలికి పిలిచి మేత పెట్టారు. శోభనాద్రికి గాలివాటం చూసి, దూరంగా పెట్టారు.

నీతి: కొట్లో ఏ చొక్కా అయినా బాగానే ఉంటుంది. నాలుగో రోజు ఎలా ఉంటుందో, నాలుగు రోజులు తొడిగినవాళ్లను అడిగి కొనుక్కోవాలి.