ఎవరూ రాయలేని ఉత్తర్వు

చింతలగిరి సంస్థానంలో పనీపాటా లేని కుర్రాళ్లకు గంటం పట్టడం, తలెత్తి మాట్లాడడం నేర్పేది నాంచారమ్మ. ఓనాడు దివాను తనిఖీకొచ్చి, ఖాళీగా ఉన్న ఆమె బడి పాక చూసి మండిపడ్డాడు.

“రాయవోయ్! ఈ బడివల్ల ఒక్కడికీ పని దొరకలేదు. అందుకే మూసేస్తున్నాం.”

దివాను వెంట వచ్చిన లేఖకుడు ఎల్లమంద గంటం కింద పెట్టేశాడు. అతను అక్షరాలు దిద్దింది ఆ పాకలోనే. తలెత్తి దివానుతో అన్నాడు.

“దొరా, ఆ మాటే నిజమైతే రాయడానికి తమరి కొలువులో నేనుండేవాణ్ణే కాదు. నేను రాశానంటే అది అబద్ధమే. నాతో చదివినవాళ్లంతా పనుల్లో కుదిరారు, అందుకే పాక ఖాళీ.”

దివానుకు నవ్వాగలేదు. “నా ఎదుట ఇలా మాట్లాడడం ఎవరు నేర్పారోయ్?”

ఎల్లమంద వెళ్లి, పాక గుమ్మంలో నిలబడ్డ నాంచారమ్మ పాదాలకు దణ్ణం పెట్టాడు.

“సరే, పక్క ఊళ్లో కూడా ఇలాంటి పాక వేయించమని రాయి” అన్నాడు దివాను.

ఈసారి గంటం ఆగలేదు.