సగంలో ఆగే గుర్రం

మంచు విడవకుండా కురిసే ఒక ఉత్తరదేశంలో తోర్కెల్ అనే కమ్మరి రాజుగారి సైన్యానికి తుపాకులు చేసేవాడు. తుపాకిలో చెకుముకిరాయిని కరిచిపట్టుకునే కొక్కేన్ని గుర్రం అంటారు. అది కిందికి వాలి ఉండేది, లేదా పూర్తిగా వెనక్కి లాగి ఉండేది. లాగాక మనిషి కాలు జారినా చాలు, పేలేది.

తోర్కెల్ అన్న అలాగే పోయాడు. యుద్ధంలో కాదు. కంచె దాటుతూ, తన తుపాకికే.

ఆ చలికాలమంతా తోర్కెల్, వదిన గున్‌హిల్డ్ కొలిమి వదల్లేదు. అతను సాగగొట్టేవాడు, ఆమె ఆకురాయి పట్టేది. చివరికి లోపలి చక్రానికి ఇంకో గంటు కోశారు. గుర్రం సగంలో ఆగింది. మీట ఎంత నొక్కినా పడలేదు; పూర్తిగా వెనక్కి లాగితేనే పేలేది.

"ఇది కిందటేడు తట్టి ఉంటే..." అంది గున్‌హిల్డ్.

సైన్యం తుపాకులన్నిటికీ తోర్కెల్ ఆ గంటే పెట్టాడు. మరుసటి ఏడు పంటలు పోయాయి. ఆకలిగొన్న జనం కొండ అవతల రాజుగారి ధాన్యపు కొట్టు ముందు చేరారు. దళపతి "కాల్చండి" అన్నాడు. వందమంది సైనికులు మీటలు నొక్కారు. ఒక్కటీ పేలలేదు. గుర్రాలన్నీ సగంలోనే ఉన్నాయి.

"పూర్తిగా లాగడం మర్చిపోయామయ్యా," అన్నారు సైనికులు, తలలు వంచుకుని.

వందమంది ఒకేసారి మర్చిపోరని దళపతికి తెలుసు. ఎవరిని శిక్షించాలో మాత్రం తెలియలేదు.

వారం తిరక్కముందే రాజుగారి అధికారి ఆ తుపాకులన్నీ బండికెత్తించి కొలిమికి తెచ్చాడు.

"ఆ గంటు పూడ్చెయ్."

"కాలు జారితే మనుషులు పోతారండీ."

"పోనీ. కాలు జారి చచ్చినవాడు ఆజ్ఞ తప్పినట్టు కాదు. నువ్వు చెయ్యకపోతే ఇంకొకడు చేస్తాడు. ఈ కొలిమి మాత్రం నీకుండదు."

గున్‌హిల్డ్ వద్దన్నట్టు తల ఊపింది. లోపల అన్న పిల్లలు ముగ్గురూ ఆకలికి ఏడుస్తున్నారు. తోర్కెల్ ఇత్తడి కరిగించాడు. వంద గంట్లూ తన చేత్తోనే పూడ్చాడు.

మూడోనాడు కొండ అవతల నుంచి ఒకే ఒక్క చప్పుడు వినబడింది. సాయంత్రం అధికారి వచ్చి భుజం తట్టాడు.

"ఒక్కటీ మొరాయించలేదు. మంచి పనివాడివి."

అతను వెళ్లాక గున్‌హిల్డ్ శాలువా కప్పుకుంది.

"ఎక్కడికి వదినా?"

"కొండ అవతలికి. నువ్వూ రా. పూడ్చే పని నీకు బాగా వచ్చుగా."

తోర్కెల్ పార తీసుకుని ఆమె వెనక నడిచాడు. నేల రాయిలా గడ్డకట్టి ఉంది. మొదటి గుంటకే వాళ్లిద్దరికీ రెండు రోజులు పట్టింది.